ఎండుగడ్డిని మంచు అనుకోమన్నారు

తెలంగాణ రాష్ట్రం వచ్చాక రెండో చలికాలం. కార్తీకం వెళ్లిపోతున్న రోజుల్లో నన్ను నల్లగొండ జిల్లాలో ఒక గడ్డినేలల పరిశోధన కేంద్రానికి బాధ్యురాలిగా వేశారు. నా హోదా సీనియర్ శాస్త్రవేత్త, విభాగం నేల రసాయనం. సర్వీసు చివరికి వచ్చింది, మిగిలిన కాలం యూనివర్సిటీ ప్రయోగశాలలోనే గడిచిపోతుందని అనుకుంటుండగా ఉత్తర్వు చేతికొచ్చింది.

కేంద్రం అనగానే పెద్ద భవనం, బోర్డు, జీపు ఊహించుకోకండి. కట్టంగూర్ దగ్గర జాతీయ రహదారి వదిలి లోపలికి వెళ్తే ఒక ఊరు, ఊరు దాటితే ఎర్రచెల్క నేలలో ఒక సర్కారు బీడు. ఆ బీడుకు ఒక మూల రెండు గదులు. ఒక గదిలో తూకం యంత్రం, జల్లెడలు, మట్టి సంచులు. రెండో గదిలో నేను. అటెండరు పోస్టు ఖాళీగా ఉంది. నా కింద పనిచేయవలసిన సహాయకుడు వచ్చిన కొద్దిరోజులకే ఎవరినో పట్టుకుని నల్లగొండకు డిప్యుటేషన్ వేయించుకున్నాడు. జీతం మా కేంద్రం పద్దులో, మనిషి అక్కడ.

ఇలాంటి పోస్టింగులు నా వాటాకు రావడం కొత్త కాదు. మా విభాగంలో మారుమూల చోటు ఖాళీ అయినప్పుడల్లా ఒకరికి పిల్లల పరీక్షలు, ఒకరికి భార్య ఉద్యోగం, ఇంకొకరికి అత్తగారి మోకాళ్లు అడ్డం వచ్చేవి. నేను పెళ్లి చేసుకోలేదు కాబట్టి అడ్డం రావడానికి నాకెవరూ లేరు. "మీకేముంది మేడం, ఒక్క ప్రాణం" అంటూ ఫైలు నా ముందుకు జరిపేవాళ్లు. ఒక్క ప్రాణానికి కూడా సాయంత్రం పూట నాలుగు మాటలు కావాలనిపిస్తుందని వాళ్లకు తట్టేది కాదు. ఆ చలికాలం నేను చాలా ఒంటరిగా గడిపాను. దీనికి ఏకాంతమనీ, ప్రశాంతతనీ మర్యాదైన పేర్లు పెట్టే ఓపిక నాకు లేదు. తెల్లవారుజామున దూరంగా విజయవాడ వైపు పోయే బస్సుల హారన్లు వినబడితే, అందులో నిద్రపోతున్న మనుషుల పక్కన మనుషులు ఉంటారు కదా అనుకునేదాన్ని.

ఇక పని సంగతి. మా ప్రాజెక్టు దేశంలో చాలాచోట్ల ఒకేసారి నడిచేది. అన్నిచోట్లా ప్రశ్న ఒకటే. చలికాలంలో గడ్డినేలను ఏదైనా కప్పి ఉంటే, ఆ కప్పు కింద నేలలోని పోషకాలు ఏమవుతాయి? ఈ ప్రశ్న పుట్టింది ఉత్తరాది కొండల్లో. అక్కడ చలికాలమంతా గడ్డి మీద మంచు మేటవేసి ఉంటుంది. చూసేవాళ్లకు నేల చచ్చిపడి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, మందంగా పడిన మంచు దుప్పటిలా పనిచేస్తుంది. పైన గాలి ఎంత కోసినా కింద నేల గడ్డకట్టదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు నెమ్మదిగానైనా పని మానవు. రాలిన ఆకును, చచ్చిన వేరును కుళ్లబెట్టి, అందులోని నత్రజనిని మొక్క పీల్చుకోగల రూపంలోకి మారుస్తూ ఉంటాయి. ఎండలు రాగానే మంచు కరిగి, ఆ నీటితోపాటు ఆ తిండి కొత్త వేర్లకు అందుతుంది. మంచు పలచగా పడిన ఏడు ఇదంతా తలకిందులవుతుంది. నేల గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. సన్నవేర్లు తెగి చచ్చిపోతాయి. అప్పుడు విడుదలైన నత్రజనిని పట్టుకునే వేరు ఉండదు కాబట్టి అది నీళ్లతో కొట్టుకుపోతుంది.

అంతా బాగానే ఉంది, మరి నల్లగొండలో మంచెక్కడిది? ఈ అనుమానం నాకంటే ముందే ప్రాజెక్టు పెద్దలకు వచ్చింది, వాళ్లే దానికి మార్గం కూడా కనిపెట్టారు. దక్షిణాది కేంద్రాల్లో ఎండుగడ్డిని మంచుగా భావించవలెను అని పద్ధతుల పుస్తకంలో ఒక వాక్యం చేర్చారు. అందులో తెలివి లేకపోలేదు. మా బీడుల్లో వానలు వెనకపట్టాక గడ్డి ఎండి నేల మీదికి వాలిపోతుంది. ఆ కప్పు కింద నేల మరీ చల్లబడదు, మరీ వేడెక్కదు. రాత్రి కురిసిన తడి కొంత నిలుస్తుంది. కొండల్లో మంచు చేసే పనినే ఇక్కడ ఎండుగడ్డి ఎంతో కొంత చేస్తుంది. పోల్చి చూడటంలో తప్పు లేదు. చిక్కల్లా ఆ మాటతోనే వచ్చింది. నివేదికలో 'మంచు మందం' అని ఒక గడి ఉండేది. నేను మిట్టమధ్యాహ్నం చెమట తుడుచుకుంటూ, ఎండుగడ్డికి స్కేలు పెట్టి కొలిచి, మంచు ఇంత మందం ఉన్నదని ఆ గడిలో రాసేదాన్ని. మాది పాలమూరు వైపు. అక్కడ పుట్టి పెరిగినదాన్ని మంచు కొలిచే ఉద్యోగం చేస్తానని మా బాపు కల్లో కూడా అనుకుని ఉండడు.

ప్రయోగం కోసం బీడులో కొంత జాగాకు తీగ కంచె వేసి, లోపల చదరపు మడులు కట్టాం. సగం మడుల్లో గడ్డిని పడినది పడినట్టే వదిలేశాం. అవి కప్పు మడులు. మిగతా సగంలో గడ్డిని నేలమట్టంగా కోసి, దంతెతో లాగి, శుభ్రం చేశాం. అవి బోడి మడులు. ప్రతి పక్షానికీ ఒకసారి ప్రతి మడిలో నాలుగైదు చోట్ల మట్టి తీసి, కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండూ పారేసి, మిగిలినదాన్ని మళ్లీ కలిపి నమూనా చేయాలి. రైతులు తెచ్చే మట్టిని నీడలో ఆరబెట్టి పరీక్షిస్తారు. మాది అలా కుదరదు. మట్టి సంచిలో పడ్డాక కూడా సూక్ష్మజీవులు పని చేస్తూనే ఉంటాయి, ఆలస్యమైతే నత్రజని లెక్క మారిపోతుంది. అందుకని పొద్దున్నే నకిరేకల్‌లో చేపలమ్మే చోట ఐసుగడ్డ కొని, పెట్టెలో నింపి, దాని మధ్య తడిమట్టి సంచులు సర్ది, ఆ రోజే నల్లగొండ ప్రయోగశాలకు చేర్చాలి. బస్సులో ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుంటే పక్కవాళ్లు చేపలేం చేపలని అడిగేవాళ్లు.

ఆ చలికాలం నేను దాదాపు రోజూ మాట్లాడిన మనిషి ఒక్కడే. గొర్ల బీరన్న. నాకంటే కొంచెం పెద్దవాడు, సెంటు భూమి లేదు, ఉన్నదంతా గొర్రెలే. పత్తి చేలు ఖాళీ అయ్యాక ఊళ్లో మిగతా మందలు తమ తమ చేలల్లో, చుట్టాల చేలల్లో మేసేవి. బీరన్నకు చేను లేదు, మందలో సగానికి సగం సూడి గొర్రెలు, అవి దూరం నడవలేవు. చలికాలమంతా ఆ బీడే ఆయనకు దిక్కు.

పొద్దున ఎండ పొడిచే వేళకు గొంగడి కప్పుకుని మందను తోలుకుని వచ్చేవాడు. వచ్చాక బీడులోకి వదిలేవాడు కాదు. బాట మీదే నిలబెట్టేవాడు. గొర్రెలు అరుస్తుండేవి, ఆయన కర్ర మీద గడ్డం ఆనించి చూస్తుండేవాడు. ఇంకా వదలవేమని మొదటిరోజు అడిగాను.

"ఇంక మంచున్నది మేడం, జర ఆరాలె. మంచుగడ్డి మేస్తే కడుపుల పురుగులు పడ్తయి" అన్నాడు.

పశువైద్యులు చెప్పేదీ అదే. తడి ఉన్నంతసేపు పురుగుల పిల్లలు గడ్డిపోచల పైకంటా పాకి ఉంటాయి, ఆరగానే కిందికి దిగిపోతాయి. ఆ ప్రాంతంలో గొర్రెలు కాసేవాళ్లందరికీ ఇది పళ్లు తోముకోవడమంత మామూలు అలవాటు. దానివల్ల నాకు కలిగిన లాభం ఏమిటంటే, మంచు ఆరేదాకా బీరన్న నా గది ముందు నిలబడేవాడు. నేను టీ పెట్టి ఆయనకొక గ్లాసు ఇచ్చేదాన్ని.

"రోజు తవ్వుతున్నవ్ గద మేడం, ఏమన్న దొరికిందా?" అని ఒకనాడు అడిగాడు.

"నత్రజని" అన్నాను.

"అంటె?"

"యూరియాల ఉంటది సూడు, గదే."

"గీ మాత్రం దానికి ఇంత తిప్పలెందుకు? ఒక సంచి కొనుక్కుంటె అయిపాయె గద!"

నేను పడీపడీ నవ్వాను. ఆ కేంద్రంలో నేను నవ్వడం అదే మొదటిసారి అయి ఉంటుంది. మబ్బు పట్టిన రోజుల్లో మంచు ఆరడం ఆలస్యమయ్యేది. అలాంటి రోజులంటే నాకు ఇష్టంగా ఉండేది.

ఫలితాలు ప్రాజెక్టు వాళ్లు కోరుకున్నట్టే వస్తున్నాయి. కప్పు మడుల మట్టిలో మొక్కకు అందే నత్రజని బోడి మడులకంటే స్పష్టంగా మెరుగ్గా ఉంది. భాస్వరంలో పెద్ద తేడా లేదు. హైదరాబాదులో కూర్చునే ప్రాజెక్టు కోఆర్డినేటర్ చాలా సంతోషించారు. వయసులో నాకంటే చిన్నవాడు, పనిమంతుడు, చెడ్డవాడు కాదు. ప్రాజెక్టులో రెండో భాగం ఒకటుంది. వచ్చిన ఫలితాన్ని ఊరి ఒప్పుదలతో అమలు చేసి చూపించాలి. అంటే గడ్డినేలను చలికాలంలో మేతకు మూసేయాలి. దానికి గ్రామసభ తీర్మానం కావాలి. తీర్మానం నమూనా ఇంగ్లీషులో తయారై, తెలుగులోకి మారి, అన్ని దక్షిణాది కేంద్రాలకూ వెళ్లినట్టే మా పంచాయతీకీ నేరుగా వెళ్లింది. నాకు ఒక ప్రతి రావాలి. రాలేదు.

మాఘం మొదట్లో గ్రామసభ జరిగింది. ఆ రోజు నేను ఐసు పెట్టెతో నల్లగొండలో ఉన్నాను. మర్నాడు పొద్దున బీరన్న టీ గ్లాసు అందుకుంటూ మంచి హుషారుగా చెప్పాడు.

"మేడం, నిన్న సభల మీ కాయిదం చదివిండ్రు. అందరికన్న ముందుగాల నేనే చెయ్యెత్తిన."

"ఏమని చదివిండ్రు, బీరన్నా?"

"మంచు ఉన్నంత సేపు బీడుల మేపొద్దట. మంచు పోయినంక మేపుకోవచ్చట. మేమెన్నడన్న మంచుల మేపినమా? గిది మాకు చెప్పాల్నా? అయినా సర్కారు మంచి మాటనే అన్నది గద అని ఎత్తిన. నన్ను జూసి అందరెత్తిండ్రు."

చేతిలో గ్లాసు అక్కడే పెట్టేశాను. లోపలికి వెళ్లి పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేసి ఆ వాక్యం చదివించుకున్నాను. 'మంచు ఉన్నంత కాలం గడ్డిబీడులో పశువులను మేపరాదు. మంచు పోయిన తరువాత అనుమతించబడును.' కాగితంలో ఉన్నది 'ఉన్నంత కాలం'. బీరన్న చెవికి అది 'ఉన్నంత సేపు' అయింది. ఆయన తప్పేమీ లేదు. మా ప్రాంతంలో మంచుకు కాలం ఉండదు, సేపే ఉంటుంది. రాత్రి కురుస్తుంది, పొద్దెక్కితే ఆరుతుంది. కానీ ప్రాజెక్టు పుస్తకంలో మా కేంద్రానికి మంచు అంటే ఎండుగడ్డి. ఎండుగడ్డి ఎప్పటిదాకా ఉంటుంది? తొలకరి పడి, అది కుళ్లి, కొత్త పచ్చిక లేచేదాకా. అందాకా బీడు మూతపడుతుంది. చెయ్యెత్తిన వాళ్లు అనుకున్నది పొద్దుటి పూట సంగతి, కాగితం వాళ్ల దగ్గర తీసుకున్నది చలికాలం, ఎండాకాలం రెండూ.

బయటికి వచ్చి ఆయనకు విడమరిచి చెప్పాను. మొదట నమ్మలేదు.

"తొలకరిదాక మంచుంటదా మేడం?"

"మా పుస్తకంల ఎండుగడ్డినే మంచంటరు."

ఆయన మంద వైపు చూశాడు. "అంటె నా గొర్లు మేసేది మంచా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా ముఖం చూసి ఆయన కూడా ఆపేశాడు.

ఆ వారంలోనే బీడు చుట్టూ ఉన్న కందకాన్ని పూడిపోయిన చోట్ల మళ్లీ తవ్వి, ముళ్లకంప వేసి, బాట మీద ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. తాళంచెవి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉండేది. బీరన్న రోజూ లాగే మందను తోలుకొచ్చి గేటు ముందు ఆపాడు. మంచు ఆరింది. ఆరాక కూడా అలాగే నిలబడ్డాడు. గొర్రెలు ఇనుప చువ్వల్లో మూతులు పెట్టి అరుస్తున్నాయి.

"ఆ కొండల్ల మంచు పడితె గొర్లనేం జేస్తరు మేడం?" అని అడిగాడు.

"కిందికి దించుకపోతరు. మంచు పడని జాగకు."

"మరి మమ్ముల యాడికి దించుతరు?"

ఆయనకు మిగిలినవి రెండే దారులు. సూడి గొర్రెల్ని దొరికిన ధరకు తెగనమ్ముకోవడం, లేదా ఈనే రోజుల్లో వాటిని కృష్ణ ఒడ్డు దాకా నడిపించుకుపోవడం.

ఆ రోజే కోఆర్డినేటర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఓపికగానే విన్నారు. పదం మార్చితే కేంద్రాల మధ్య ఫలితాలు పోల్చడం కుదరదని, తీర్మానం ఏకగ్రీవంగా అయింది కదా అని, అభ్యంతరం ఉంటే వార్షిక సమీక్షలో పెట్టమని అన్నారు. సమీక్ష శివరాత్రికి ముందు. దానిలో ప్రతి కేంద్రం తాను వాడే పదాలకు నిర్వచనాలు చదివి వినిపించడం ఆనవాయితీ. ఎవరూ పట్టించుకోని అంశం అది. అందరూ టీ తాగడానికి లేచే సమయంలో వస్తుంది. నాకు అదే సందు దొరికింది.

అయితే ఒట్టి మాటతో సమావేశానికి పోతే ఎవరూ వినరు. మా ప్రయోగంలో ఒక లోపం నాకు మొదటినుంచీ కనబడుతూనే ఉంది. మేం పోల్చింది గడ్డిని అలాగే వదిలేసిన మడిని, నేలమట్టంగా గీకేసిన మడిని. బీరన్న గొర్రెలు ఈ రెండూ చేయవు. మంచు ఆరాక వస్తాయి, కొసలు మేస్తాయి, మొదళ్లు వదులుతాయి, పెంటిక రాల్చి పోతాయి. అసలు జరిగే మేతకు మా మడుల్లో చోటే లేదు. కాబట్టి తీగ కంచెకు బయట, ఆ చలికాలమంతా మంద మేసిన జాగాలో, లోపలి మడుల కొలతకే గీతలు గీసి, అదే పద్ధతిలో నమూనాలు తీశాను. పంచాయతీ వాళ్లు నన్ను మాత్రం గేటు తీసి లోపలికి పోనిచ్చేవాళ్లు. ఏ సంచి ఎక్కడిదో నల్లగొండ ప్రయోగశాలలో ఎవరికీ తెలియకుండా గుర్తులు మార్చి ఇచ్చాను. బీరన్న పక్షాన ఉండాలని నా మనసు లాగుతున్నదని నాకు తెలుసు. మనసు ఒకవైపు లాగినప్పుడు ఫలితం మన చేతికి అందకుండా చూసుకోవాలి.

తీసిన నమూనాలకు జవాబు రావడానికి దాని గడువు దానికుంది. ఒక విడత మట్టి చాలదు, కనీసం రెండు విడతలు కావాలి. సమీక్ష తేదీని ముందుకు జరపడం నా చేతిలో లేదు. ఈ మాటే బీరన్నకు చెప్పి, అందాకా ఎట్లాగన్నా నెట్టుకురమ్మన్నాను.

"మీటింగుదాక నేనాగుత మేడం. గొర్లకు ఆకలి ఆగదు గద" అన్నాడు.

ఊళ్లోవాళ్ల చేల గట్ల మీద కొన్నాళ్లు తిప్పాడు. చేలవాళ్లు ఒకరోజు ఊరుకుంటే ఒకరోజు కసురుకునేవాళ్లు. తరువాత ఒక పొద్దున గొంగట్లో అప్పుడే పుట్టిన పిల్లనొకదాన్ని చుట్టుకుని, మందను రహదారి వైపు మళ్లించాడు. నా గది ముందు ఆగి, కృష్ణ దిక్కు పోతున్నానని చెప్పాడు. టీ తాగమంటే తాగాడు. మంచు ఇంకా ఆరలేదు. ఆరేదాకా ఆయన ఆ రోజు ఆగలేదు.

ఆ తరువాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మట్టి తవ్వాను, ఐసు కొన్నాను, బస్సెక్కాను. ఒక్కోసారి రెండు మూడు రోజులు గడిచాక, బస్సులో కండక్టరుకు ఊరి పేరు చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడేది.

రెండు విడతల ఫలితాలూ చేతికొచ్చాయి. గుర్తులు విప్పి చూసుకున్నాను. మంద మేసిన జాగాలో నత్రజని కప్పు మడులంత లేదు. సమానంగా వస్తే బాగుండునని నేను ఆశపడిన మాట నిజం. కానీ బోడి మడులకంటే బాగా ఎక్కువగా ఉంది, కప్పు మడులకే దగ్గరగా ఉంది. ఉన్నది ఉన్నట్టే రాశాను.

సమీక్ష హైదరాబాదులో జరిగింది. నిర్వచనాల అంశం వచ్చేసరికి అనుకున్నట్టే సగంమంది లేచారు. నా వంతు రాగానే చదివాను: "మంచు: ఈ కేంద్రం పరిధిలో, రాత్రి కురిసి, పొద్దెక్కిన తరువాత ఆరిపోయే తేమ." లేచినవాళ్లు నవ్వుతూ మళ్లీ కూర్చున్నారు. పుస్తకంలో ఎండుగడ్డి అని ఉంది కదా అని కోఆర్డినేటర్ అన్నారు. ఎండుగడ్డే మంచు అయితే మా ఊరి గొర్రెలు ఇన్నేళ్లుగా మంచు తిని బతుకుతున్నాయని కూడా నివేదికలో చేర్చాలి అన్నాను. ఇది మాటల గారడీ అన్నారాయన. ఆ గారడీ నేను చేసింది కాదు, తీర్మానం తెలుగులో ఉంది, చేతులెత్తినవాళ్లు తెలుగు మనుషులు, వాళ్లు ఏ మంచుకు చెయ్యెత్తారో ఆ మంచుకే తీర్మానం చెల్లుతుంది అన్నాను. గొంతు కాస్త పెద్దదైంది. తరువాత మంద మేసిన జాగా ఫలితాలు ముందు పెట్టాను. కొండల కేంద్రం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు వాటిని రెండుసార్లు తిరగేసి చూసి, ఈ మేత వల్ల నేలకు చెప్పుకోదగ్గ నష్టం కనబడటం లేదన్నారు.

అధ్యక్షస్థానంలో ఉన్నవారు రెండు నిర్ణయాలు రాయించారు. మొదటిది, మా ఊరి తీర్మానాన్ని తెలుగు మాటకున్న మామూలు అర్థంలోనే అమలు చేయాలి, అంటే మంచు ఆరాక గేటు తీయాలి. రెండోది కూడా న్యాయంగానే ఉంది. ఎండుగడ్డి మంచు కాదని కేంద్రమే చెబుతున్నది కాబట్టి, ఆ కేంద్రానికి ఈ ప్రాజెక్టులో పోల్చడానికి ఏమీ లేదు. ఆర్థిక సంవత్సరం చివరికి కేంద్రం మూసివేయాలి. నా మడులు, నా నమూనాలు అన్నీ పోలికలోంచి తీసేశారు. నాకు బాధ కలిగింది. అయినా అభ్యంతరం చెప్పలేదు.

ఉత్తర్వు కాగితం పట్టుకుని తిరిగొచ్చి, శివరాత్రికి ముందే గేటు తీయించాను. కార్యదర్శి తాళంచెవి నాకే అప్పగించాడు. రోజూ పొద్దున మంచు ఆరాక గేటు తీసేదాన్ని, పొద్దుగూకాక వేసేదాన్ని. ఒకటి రెండు బర్రెలు వచ్చేవి. మంద రాలేదు. బీరన్నకు ఫోన్ లేదు. కృష్ణ వైపు పోయే కాపర్లు ఎవరన్నా కనబడితే కబురు చెప్పమనేదాన్ని. నేను ఆయన కోసం గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాను. అది నా ఉద్యోగంలో లేని పని.

సామాను అప్పగింతలు మా శాఖలో ఒక పట్టాన తెమలవు. తూకం యంత్రం ఒకరికి, జల్లెడలు ఒకరికి, గదులు ఇంకొకరికి. అదంతా తేలేసరికి తొలకరి పడింది. ఆ రోజుల్లోనే బీరన్న తిరిగొచ్చాడు. మంద సగమైంది. దారిలో ఈనిన గొర్రెలకు పాలు పడలేదని, పిల్లలు చాలా వరకు పోయాయని, కొన్ని తల్లుల్ని దారి ఖర్చులకు అమ్మానని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. నడిచిన ఊళ్ల పేర్లు చెప్పినట్టే చెప్పాడు.

"బీడు తెరిపించిన, బీరన్నా. శివరాత్రికి ముందుగాలనే తెరిపించిన" అన్నాను.

ఆయన గేటు వైపు చూశాడు. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల కొత్త పచ్చిక మొలుస్తున్నది.

"ఎవరికోసం తెరిపించినవ్ మేడం?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. ఆ చలికాలం ఆ బీడు అవసరమైన మంద తనది ఒక్కటేనని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన ఉన్న గొర్రెల్ని అదిలించుకుని లోపలికి పోయాడు. మర్నాడు నేను హైదరాబాదు బస్సెక్కాను.

మిగిలిన సర్వీసు ప్రధాన కార్యాలయంలో, నమూనాలు తీసుకునే విభాగంలో చేశాను. నేల శాస్త్రంలో మట్టి తీసిన రోజు రాస్తాం, పరీక్షించిన రోజు రాస్తాం. జవాబు ఎప్పటిలోగా కావాలో రాసే అలవాటు మాకు లేదు. నేను ఆ అలవాటు పెట్టాను. రైతు మట్టి సంచి పట్టుకొచ్చినా, పైనుంచి ప్రాజెక్టు వచ్చినా మొదట అదే అడిగేదాన్ని. ఆ రోజులోగా చెప్పగలమంటేనే మట్టి తీసుకునేదాన్ని, లేకపోతే చెప్పలేమని ముందే చెప్పి పంపేదాన్ని. కొందరు సహోద్యోగులకు ఇది చాదస్తంగా కనిపించింది. కావచ్చు. సమీక్షలో నేను చెప్పిన నిర్వచనం సరైనదే, చూపిన ఫలితం సరైనదే, వచ్చిన ఉత్తర్వు కూడా సరైనదే. కానీ అదను దాటాక వచ్చిన జవాబు, ఎంత సరైనదైనా, రికార్డుకు పనికొస్తుంది గానీ గొర్రెలకు పనికిరాదు.